క్లిక్కుమన్నాకే చుక్క

మా బావని అందరూ చెవి మేస్త్రి అంటారు. రేసు బైకులకి ఇంజన్లు కడతాడు. నేను ఆయన బామ్మర్దిని, పదకొండేళ్లుగా ఆయన షెడ్డులోనే పని. ఇప్పుడు చెప్పబోయేది విని మీరు నన్ను ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోండి.

షెడ్డు పెద్దదేం కాదు. రెండు బల్లలు, ఒక లేతు, మూలన ఇంజన్ని బిగించి పరీక్షించే ఇనప బెంచీ. దాని మీద ఇంజన్ గొంతు చించుకుంటుంటే నేను రెండు చెవులూ మూసుకుంటాను. బావ మాత్రం మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి అదిమి, కళ్లు మూసుకుంటాడు. "రెండో సిలిండర్లో వాల్వు కాస్త ఆలస్యంగా మూసుకుంటోందిరా" అంటాడు. విప్పి చూస్తే అంతే. ఇంట్లో పడుకుని, వంటగదిలో కుళాయి కారుతోందని చెప్పేవాడు. "నేను పిలిస్తే మాత్రం వినపడదు ఈ మహానుభావుడికి" అనేది అక్క.

ఆయనకో నియమం ఉంది. బోల్టు బిగించినవాళ్లు దాని తల మీద రంగు చుక్క పెట్టాలి. బావది తెలుపు, నాది ఎరుపు. టార్క్ రెంచీ, బోల్టు సరిపడా బిగియగానే క్లిక్కుమంటుంది. అది విన్నాకే చుక్క. చుక్క పడిన బోల్టుని మళ్లీ ఎవరూ ముట్టుకోరు. నాకేమో రంగు సీసా మూత మాటిమాటికీ తీయాలంటే బద్ధకం. ముందే అన్నిటికీ వరసగా చుక్కలు పెట్టేసి, తర్వాత బిగించుకుంటూ పోయేవాడిని. బావకి తెలీదు. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కూడా.

పోయినేడు ఒక రైడరమ్మాయికి ఇంజన్ కడుతున్నాం. బడిలో లెక్కలు చెబుతుంది, సెలవులొస్తే రేసులకి వెళ్తుంది. పిస్టన్లని క్రాంకుకి కలిపే రాడ్లకి నాలుగు బోల్టులు. నాలుగింటికీ చుక్కలు పెట్టి, మూడు బిగించాను. ఇంతలో ఎవడో షెడ్డు గేటుకి అడ్డంగా కారు పెట్టాడు. గొడవంటే నేను కూర్చోలేను. వెళ్లి పావుగంట నోరు పారేసుకుని వచ్చాను. చూస్తే నాలుగు ఎర్ర చుక్కలు ఉన్నాయి. ఇంజన్ మూసేశాను.

బెంచీ మీద బావ చాలాసేపు విన్నాడు. "అడుగున ఎక్కడో టిక్కుటిక్కుమంటోందిరా. విప్పుదాం."

విప్పితే మళ్లీ రోజంతా పని. నాకు విసుగొచ్చింది. "అది లోపలి చైను చప్పుడు బావా. ముప్పై ఏళ్లు ఈ మోతలో ఉన్నాక చెవులింకా మిగులుతాయా? వయసైపోయింది, ఒప్పుకో" అన్నాను, నవ్వుతూనే. బావ నవ్వలేదు. ఇంకోసారి విని, "అంతేనేమోలే" అన్నాడు.

రేసులో మూడో రౌండుకి రాడ్డు ఇంజన్ గోడ బద్దలుకొట్టుకుని బయటికొచ్చింది. నూనె చక్రం మీద పడి, ఆ అమ్మాయి జారిపోయింది. భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో బావ ఆమె మంచం పక్కన నిలబడి, "తప్పు నాదమ్మా. చప్పుడు వినపడింది, పోల్చుకోలేకపోయాను. నా చెవులు పోయినట్టున్నాయి" అన్నాడు. నేను వెనక తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంజన్ విప్పింది నేనే. అడుగు నూనెలో నాలుగో బోల్టు దొరికింది. విరగలేదు, మర విడి ఊడొచ్చేసింది. తల మీద నా ఎర్ర చుక్క చెక్కుచెదరలేదు. జేబులో వేసుకుని, "అంతా ముక్కలైంది బావా, ఏమీ తెలియట్లేదు" అన్నాను.

ఆ వారమే బావ స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. "ఇకనించి నువ్వే విని చెప్పరా."

ఏడాది పాటు విన్నాను. నాకేం వినపడుతుంది, నా మొహం. గిన్నెలు దొర్లినట్టు ఒకటే మోత. "బాగుంది బావా" అనేవాడిని. చుక్కలు మాత్రం బిగించాకే పెట్టడం నేర్చుకున్నాను, ఏం లాభం. ఇంట్లో బావ ప్రతి మాటా రెండుసార్లు అడిగేవాడు. వినపడక కాదు, విన్నదాని మీద నమ్మకం పోయి. కుళాయి సంగతి ఎత్తడం మానేశాడు. "మీ బావకి చెవులు పోయాయిరా, పాపం" అని అక్క నాకు వడ్డిస్తూ అంటే కంచంలోకి చూస్తూ తినేవాడిని. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. అయినా నోరు విప్పలేదు, అదీ నా బతుకు.

మొన్న ఆ అమ్మాయి మళ్లీ మా దగ్గరే ఇంజన్ కట్టించుకుంది. బెంచీ మీద నడుస్తుంటే, బావ పక్కనే ఉండగా, స్క్రూడ్రైవరు ఆనించాను. గిన్నెల మోత. ఆ అమ్మాయి నా నోటివంకే చూస్తోంది. కుడి భుజం ఇంకా పూర్తిగా లేవదు కాబోలు, హెల్మెట్ ఎడమ చేత్తో పట్టుకుంది.

"ఏమంటారు, ఎక్కొచ్చా?" అంది.

ఇంజన్ ఆపేశాను. ఏ చొక్కా వేసుకున్నా ఆ బోల్టు నా జేబులోనే ఉండేది, పారేయడానికి చేతులు రాలేదు. తీసి బల్ల మీద పెట్టాను.

"పోయినేటి ఇంజన్లోది. నేను బిగించలేదు, చుక్క ముందే పెట్టేశాను. అది చైను చప్పుడు కాదు బావా. దొరికాక దాచింది కూడా నేనే."

ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుండిపోయింది. కుడి భుజం పట్టుకుంది. బావ బోల్టుని వెలుతుర్లోకి తిప్పి చూశాడు. చెంప పగలగొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"అయితే ఆ టిక్కుటిక్కు నిజంగానే ఉందన్నమాట" అన్నాడు.

"ఉంది బావా."

"అడుగు నించే?"

"అడుగు నించే."

బావ మొహం విచ్చుకుంది. కోపం కోసం వెతికాను, కనపడలేదు. ఫోన్ తీసి అక్కకి చేశాడు. "ఏమే, నా చెవులు బాగానే ఉన్నాయటే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"స్టార్ట్ చెయ్యండి," అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండా. "మేస్త్రిగారు వింటారు."

బావ నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఇంజన్ అందుకుంది. ఆయన పిడిని ఎముకకి అదిమి, ఏడాది తర్వాత కళ్లు మూసుకున్నాడు. నేను చెవులు మూసుకోవడం కూడా మర్చిపోయి, నేల వంక చూస్తూ నిలబడ్డాను.