రెండో పరిశీలకుడు

మొన్న కావలిలో కళ్ళ డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురు గోడకున్న అక్షరాల పటం చదవమన్నాడు. పై వరసలో అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి కాబట్టి వాటిని విజయవంతంగా చదివాను. రెండో వరస ధైర్యంతోనూ, మూడోది అనుభవంతోనూ, నాలుగోది పూర్తిగా కల్పనాశక్తితోనూ చదువుతుంటే, తోడు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న మా అక్క ఇక ఆగలేక, "ఒరే అబ్బయా, లేనివి చదవబాకరా" అని, అట్టడుగు వరస గడగడా చదివేసి, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చెప్పేసింది. నాకు యాభై నాలుగు, ఆమెకు అరవై. డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాకు మూడో జత కళ్ళద్దాలు రాశాడు.

ఆ పటంలో పెద్ద నుంచి చిన్నకు దిగే వరసలు చూస్తుంటే నాకు అక్షరాలు కాదు, చుక్కలు గుర్తొచ్చాయి.

మీరూ నా ఈడువారైతే తెలిసే ఉంటుంది, అరవైల నడుమ మద్రాసులో పరిశోధన చేస్తున్నానంటే ఊరి జనం మనల్ని బాంబు తయారుచేసే మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు. నేను చేసిందల్లా ఒక నీలి రాగి లవణం స్ఫటికాన్ని ఎక్స్‌రే కిరణాల ముందు నిలబెట్టి, దాని లోపల పరమాణువులు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కనిపెట్టాలని చూడటం. ఆ స్ఫటికం, నేను చెప్పుకునేటప్పుడు, కందిపప్పు బద్దంత ఉండేది. నిజానికి పంచదార పలుకులో సగం. కిరణాలు దానికి తగిలి చెదిరి, ఫిల్ము మీద వందలకొద్దీ నల్ల చుక్కలుగా పడేవి. ఏ చుక్క ఎంత నల్లగా ఉందో తెలిస్తే, ఆ అంకెలతో నెలల తరబడి కుస్తీపట్టి లోపలి అమరికను లెక్కగట్టవచ్చు. నలుపును కొలిచే యంత్రం మా దగ్గర లేదు. ఒక సన్నటి ఫిల్ము ముక్క మీద లేత బూడిద రంగు నుంచి కాటుక నలుపు దాకా ఇరవై చుక్కలు వరసగా దించి, అంకెలు రాసి, దాన్ని ప్రతి చుక్క పక్కనా ఆనించి, ఇది ఏడు, ఇది పన్నెండు అని కంటితో తేల్చడమే. ఒక్కరి కన్ను నమ్మకూడదని మా ప్రొఫెసరు గారి నియమం. ఇద్దరు మనుషులు, ఒకరి అంకెలు ఒకరు చూడకుండా, రెండు వరసలు రాయాలి.

మూడేళ్ళు గడిచినా, లెక్క ప్రకారం రావలసిన నలుపుకూ మేము చూసిన నలుపుకూ మధ్య తేడా నూటికి ఇరవై అయిదు దగ్గర కాళ్ళు బారజాపి కూర్చుంది. వేసవి సెలవుల్లో చుక్కలన్నీ మళ్ళీ చూసి ఆ తేడా దించకపోతే, ఆ లవణాన్ని పారేసి ఇంకోటి మొదలుపెట్టుకోమన్నారు ప్రొఫెసరు గారు. అంటే నా మూడేళ్ళు గంగలో కలిసినట్టే. సరిగ్గా అప్పుడే నా జోడీ పరిశీలకుడికి కామెర్లు వచ్చి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. నేను ఫిల్ములు ట్రంకు పెట్టెలో సర్దుకుని, కావలిలో రైలు దిగి, సముద్రం ఒడ్డునున్న మా ఊరు జువ్వలదిన్నె చేరాను.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. ప్రయోగశాలలో నేను కోవూరు వరి రైతుల బిడ్డను. మొదటి రోజు ఎవరో అడిగితే నోటికొచ్చినట్టు నాలుగెకరాలు అన్నాను. నాగలి పట్టకుండానే మూడేళ్ళలో అది నలభై ఎకరాలైంది. నిజానికి మా నాన్న సముద్రం మీద వేటకు పోయేవాడు, అమ్మా అక్కా ఒడ్డున రొయ్యలు ఎండబెట్టేవాళ్ళు. సెలవుల నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు నేను బట్టలు రెండుసార్లు ఉతికి, ట్రంకులో కర్పూరం బిళ్ళలు వేసుకునేవాణ్ణి.

మా ఇంట్లో కరెంటు లేదు. దేవుడి పటం అద్దం ఊడదీసి కిటికీలో నిలబెట్టి, దాని వెనక నాన్న తెల్ల పంచె కట్టాను. అంత చల్లని వెలుతురు తర్వాత ఏ ప్రయోగశాలలోనూ నాకు దొరకలేదు. ఆ వేసవంతా నాన్న మాత్రం పెళ్ళిళ్ళకు కూడా గళ్ళ లుంగీతోనే వెళ్ళాడు. అమ్మ ఫిల్ము వైపు ఒకసారి చూసి, "ఏందిరా ఇది, ఫోటోకి అమ్మవారు పోసినట్టుండాది" అని వేపాకు తేవడానికి లేచింది.

అక్క అప్పటికి రెండేళ్ళ కిందటే బావతో పడక పుట్టింటికి వచ్చేసింది. అయిదో తరగతి చదివింది. రోజంతా ఇసుకలో గొంతుక్కూర్చుని, ఎండు రొయ్యల్ని రంగు చూసి కుప్పలు పెట్టేది: ఒక ఎండ తగిలినవి, రెండెండలవి, మూడో ఎండకు నిండు రంగు తిరిగినవి. చేతులు ఆడుతుంటే ఆమె చూపు ఎక్కడో ఉన్నట్టుండేది, కానీ ఒక్క రొయ్య కూడా కుప్ప తప్పేది కాదు. మూడో రోజు ఆమె నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఆ చుక్కకి పదమూడు ఎందుకేసినావు? అది పది" అంది. నేను పెద్ద శాస్త్రవేత్తలా నవ్వాను. ఆమె నవ్వలేదు. "నచ్చినదానికి ఎక్కువేస్తా ఉండావు. పొద్దున ఒక లెక్క, అన్నం తిన్నాక ఒక లెక్క. నీ కన్ను గూడా నీ నోరు మాదిరే ఉండాదిరా."

నాకు రెండో పరిశీలకుడు కావాలి, ఊళ్ళో ఇంకెవరూ లేరు. అంకెల ముక్క ఆమె చేతికిచ్చాను. ఆమె రొయ్యల పని ముగించుకుని, చేతులు మోచేతుల దాకా కుంకుడు రసంతో కడుక్కుని, ఫిల్మును అంచులతో పట్టుకుని, వెలుతురు ఉన్నంతసేపూ కూర్చునేది. పదకొండు రోజుల్లో వెయ్యికి పైగా చుక్కలు. ఒక్కటీ రెండోసారి దిద్దలేదు. వీటివల్ల ఏం తెలుస్తుందని ఒకసారి అడిగింది. లోపల కనబడని వాటి చోటు తెలుస్తుందన్నాను. "నీళ్ళ మీద రంగు చూసి నాన్న అడుగున చేపలుండాయని చెప్పినట్టా?" అంది. ముప్పై ఏళ్ళుగా కాలేజీలో నా విద్యార్థులకు ఆ మాటే చెబుతున్నాను, నా సొంత మాటగా.

మద్రాసు వెళ్ళి మూడు నెలలు లెక్క కట్టాను. నా వరసతో తేడా అంగుళం కదల్లేదు. అన్ని చుక్కల్నీ ఒకే తీరుగా పెంచి ఉంటే లెక్క సర్దుకునేది. నేను ఇష్టమొచ్చినట్టు పెంచాను. అక్క వరసతో తేడా పద్నాలుగుకు దిగింది, పరమాణువులన్నీ బడిపిల్లల్లా ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ప్రొఫెసరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఈ రెండో వరస ఎవరిదయ్యా?" అన్నారు. మా ఊళ్ళో ఒకాయన సార్, అన్నాను. "పిలిపించు. ఫిల్ములు చూసే పోస్టు ఖాళీగా ఉంది. డిగ్రీలు అక్కర్లేదు, ఈ కన్ను చాలు."

ఆ క్షణంలో నాకు నా నలభై ఎకరాలూ సముద్రంలో మునిగిపోతున్నట్టు కనబడ్డాయి. అక్క వస్తుంది, నోరు విప్పుతుంది, ఎండు రొయ్యల వాసన వేస్తుంది. "ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు సార్, ఎక్కడున్నాడో తెలియదు" అన్నాను. పుట్టినప్పటి నుంచీ ప్రతిదాన్నీ పెంచి చెప్పినవాణ్ణి, ఒక్క మనిషిని మాత్రం అసలు లేకుండా చేశాను. నాన్న ఎలాగూ పంపేవాడు కాడని తర్వాత నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అడిగితే కదా తెలిసేది. వ్యాసం అచ్చయింది. చుక్కల్ని ఇద్దరు పరిశీలకులు విడివిడిగా చూశారని అందులో ఒక్క ముక్క ఉంది. నాకు పట్టా వచ్చింది, కావలిలో ఉద్యోగం వచ్చింది. అక్క ఇసుకలోకి వెళ్ళింది.

మొన్న డాక్టరు దగ్గర నుంచి వచ్చి బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు, ముప్పై ఏళ్ళ తర్వాత, ఇదంతా అక్కకు చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు మోకాళ్ళు రుద్దుకుంది. ఇప్పుడవి నేల మీద కూర్చోనివ్వవు.

"ఆ పని కుర్చీలో కూర్చునేనా?"

అవునన్నాను.

"ఫ్యానుండేదా?"

ఒకటి ఉండేది, కటకటమనేది, అన్నాను. పది ఫ్యాన్లని చెప్పడానికి నోరు రాలేదు.

బస్సు వచ్చింది. నా భుజం పట్టుకుని లేస్తూ, "ఈసారి డాక్టరు అడిగితే, కనపడకపోతే కనపడలేదని చెప్పు" అంది.

ఇప్పుడు చుక్కల్ని ఎవరూ కంటితో చూడరు. మా పాత విద్యార్థి ఒకడు ఈమధ్య తన వ్యాసం పంపించాడు. మాకు నెలలు పట్టిన పనిని యంత్రం నాలుగు రోజుల్లో ముగించిందట. అది మంచిదే, యంత్రానికి నచ్చిన చుక్క అంటూ ఉండదు. కానీ ఆ వ్యాసాల్లో చుక్కల్ని కొలిచిన యంత్రం పేరు, నమూనా సంఖ్య, అది తయారైన ఊరి పేరు మర్యాదగా అచ్చు వేస్తున్నారు. కొత్త అద్దాలు పెట్టుకుని ఆ వరస చదివాను. నా వ్యాసంలో ఆ చోట జువ్వలదిన్నె అని ఉండవలసింది.