ఇప్పచెట్ల కింద కొరివిదయ్యం

నిన్న సంతలో ఎండిన ఇప్పపూల వాసన తగలగానే సరోజ గుర్తొచ్చింది.

బూర్గంపాడు దగ్గర మా ఊళ్లో, పక్కింటి పిల్ల. వాళ్ల నాన్న లారీలకు వెదురు ఎత్తేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు పని లేకుండా పోయింది. అప్పుడే అడవి అంచున కొరివిదయ్యం తిరుగుతోందని పిల్లలందరూ చెప్పుకోసాగారు.

ఒకరోజు పొద్దుగూకే వేళ దాన్ని పట్టుకుందామని ఇద్దరం వెళ్లాం. దయ్యాలే లేవని సరోజ దారంతా నన్ను వెక్కిరించింది. తీరా వెళ్తే ఇప్పచెట్ల కింద నిజంగానే మంట పాకుతోంది. పొగలో ఎవరో వంగి దగ్గుతున్నారు. నేను ఇంకో అడుగు వేయబోతే సరోజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దయ్యమే. దానికి కాళ్లు లేవు. జల్దీ నడువ్."

వెనక్కి చూడకుండా పరిగెత్తాను.

వారం తిరక్కుండానే, బొగ్గుబావుల్లో పని వెతుక్కుంటూ సరోజ వాళ్లు కొత్తగూడెం బయలుదేరారు. లారీలో వాళ్లమ్మ, ఇప్పపూల వాసన కొడుతున్న గోనెసంచికి ఆనుకుని దగ్గుతోంది.

"పెద్దమ్మా, మేం కొరివిదయ్యాన్ని చూసినం. దానికి కాళ్లు లేవంట, సరోజ చెప్పింది" అన్నాను గొప్పగా.

సరోజ తల దించుకుంది. వాళ్లమ్మ చాలాసేపు కూతురి వంకే చూసి, దాన్ని దగ్గరకు లాక్కుంది.

"ఆ దయ్యం ఇగ ఈడ ఉండదులే బిడ్డా" అంది.

రాలే ఇప్పపూలు కనబడాలని, ఏరుకునేవాళ్లు చెట్ల కింద ఆకులు కాలుస్తారని నాకు తెలిసేనాటికి, సరోజ ఎక్కడుందో తెలియదు.