కొలిమి ఈల వేశాక

నా చిన్నప్పుడు జనగామలో మా తాతయ్య ఇనుము పోతపోసే కార్ఖానాలో పనిచేసేవాడు. బావుల గిలకలకూ, చెరుకు గానుగలకూ కావలసిన ఇనుమంతా అక్కడే కరిగేది. నాకు ఆ చోటంటే భయం. గాలి మిషన్ తిరుగుతుంటే, మూసిన తలుపు వెనక ఎవరో మాట్లాడుకుంటున్నట్టు కొలిమి లోపలి నుంచి ఒకటే గొణుగుడు. అయినా సెలవుల్లో మధ్యాహ్నం తాతయ్యకు సద్ది తీసుకెళ్లే పని నాదే.

ఆ ఎండాకాలం గార్ల నుంచి మా చిన్నమ్మ పుట్టింటికి వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న తన ఒక్కగానొక్క పాప జ్వరంతో పోయింది. చిన్నమ్మ ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. వచ్చినవాళ్లంతా "ఊకో బిడ్డా, ఊకో" అనేవారు. ఊరుకొమ్మనడం తప్ప మనవాళ్లకు వేరే ఓదార్పు చేతకాదు.

ఒకరోజు పొద్దున ఆమె నిజంగానే ఊరుకుంది. తలంటుకుని, చిక్కు తీసి జడ వేసుకుంది. పాప బట్టలన్నీ మడిచి మూట కట్టింది. నన్ను దగ్గరికి పిలిచి, తన కమ్మలు తీసి నా చెవులకు పెట్టి, "అది ఒక్కతే ఉన్నది గదనే. చీకటంటె దానికి భయం" అని నవ్వింది. నవ్వు బాగుంది. అంత బాగుండడమే ఏదోలా ఉంది. అమ్మమ్మ మాత్రం గండం గడిచిందని దేవుడికి దండం పెట్టుకుని అంగడికి వెళ్లింది.

నేను కార్ఖానాకు చేరేసరికి తాతయ్య కొలిమి అడుగున ఉన్న కన్నాన్ని గడ్డపారతో పొడుస్తున్నాడు. దానికి పెట్టిన మట్టి బిరడా ఊడగానే ఇనుము ఇసుక కాలువలోకి దూకింది. ఆ వెనకే చిట్టెం వచ్చింది. చిట్టెమంటే ఇనుములోని మురికి. తేలికది కాబట్టి పైన తేలుతుంది. కాలువకు అడ్డం పెట్టిన ఇటుక కింద నుంచి ఇనుము జారిపోయింది. చిట్టెం ఇటుక దగ్గర ఆగి పక్క గుంతలోకి మళ్లింది. కాసేపటికి ధార సన్నబడింది. ఉన్నట్టుండి కన్నంలోంచి మంట ఎగజిమ్మి, పొడుగ్గా ఈల వినిపించింది. అది పసిపిల్ల గొంతులా ఉంది. నేను చెవులు మూసుకున్నాను.

తాతయ్య కర్రకు అంటించిన మట్టిముద్దతో కన్నం మూసేశాడు.

"అయిపోయిందా తాతా?"

"ఈలేసి గాలొచ్చిందంటె అయిపోయినట్టు గాదు బిడ్డా. కన్నం కాడ ఇనుము కిందికి దిగింది, గంతె. ఎనక బొగ్గుల సందుల్ల ఇంక ఉన్నది. చిట్టెం చిక్కగుంటది, జల్ది కదలది. జర ఆగి మల్ల తెరిస్తె వస్తది. కొలిమి ఒట్టిదె అనుకుని కింద తలుపు తీసి కాళ్లు కాల్చుకున్నోళ్లున్నరు."

కాసేపాగి మళ్లీ తెరిచాడు. నేను నమ్మలేనంత ఇనుము, చిట్టెం వచ్చాయి. ఆ వెలుగులో ఆయన చూపు నా చెవుల మీద పడింది.

"గా కమ్మలు ఎవరియి?"

"చిన్నమ్మ ఇచ్చింది. ఇయ్యాల ఏడుస్తలేదు తాతా, నవ్వుతున్నది. పాప ఒక్కతే ఉన్నదట."

తాతయ్య గడ్డపారను పక్కనున్నాయన చేతిలో పెట్టి బయటికి నడిచాడు. పోత మధ్యలో కొలిమిని వదిలిపోయిన మనిషిని అక్కడెవరూ చూసి ఉండరు. నేను వెనక పరుగెత్తాను.

ఇంట్లో చప్పుడు లేదు. పెరట్లో ఎండ నిప్పులు చెరుగుతోంది. చేదబావి ఒర గట్టు మీద చిన్నమ్మ కాళ్లు లోపలికి వేసుకుని కూర్చుంది. ఒడిలో మూట. బావిలోకి వంగి జోలపాట పాడుతోంది. ఒక్కో చరణం దగ్గర ఆగి, చెవి ఒగ్గి వింటోంది. అడుగు నుంచి ఆ పాటే తిరిగి వస్తుంటే లోపల ఇంకెవరో అందుకుంటున్నట్టుంది.

తాతయ్య అరవలేదు. మెల్లగా వెళ్లి ఆమె పక్కన ఒరకు ఆనుకుని, చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఊకో అనలేదు.

"పాపకు మొదటి పన్ను ఎప్పుడొచ్చె బిడ్డా? నాకు జర చెప్పు."

చిన్నమ్మ పాట ఆపి ఆయన వైపు తిరిగింది. "కింది పన్ను... నా వేలు కొరికింది బాపూ" అన్నది.

అంతే, ఏడుపు మళ్లీ వచ్చింది, మునుపటికన్నా ఎక్కువగా. తాతయ్య ఆమెను ఇవతలికి దించుకున్నాడు. పొద్దుగూకేదాకా అడుగుతూ, వింటూ, తనూ ఏడుస్తూ కూర్చున్నాడు. కమ్మలు నేనే తిరిగి ఆమె చెవులకు పెట్టాను.

ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నెమ్మదించిన మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఆ ఈల వినిపిస్తుంది. ఇక ఫరవాలేదని అందరూ లేచిపోయినా నేను లేవను.

చిన్నమ్మ ఇప్పుడు గార్లలో మనవల మధ్య ఉంది. పాత దుఃఖం కదపొద్దని మావాళ్లు నన్ను కసురుతారు. నేను వెళ్లినప్పుడల్లా ఆ పాప గురించి అడుగుతూనే ఉంటాను. మొన్న వెళ్లినప్పుడు, "చింతపండు నాలుకకు రాస్తె ఒక కన్ను మూసుకునేదే" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె ఎప్పుడూ చెప్పలేదు.