అత్తగారు పంచిన పూర్ణాలు

1981లో కొత్తపేటకి కాపురానికొచ్చాను. బీఎస్సీ చదివాను, ఎవరి మాటా పడే రకాన్ని కాదు. అయినా మావారు నవ్వుతూ "ఏమే బొండాం!" అన్నప్పుడు మాత్రం వెళ్ళి అద్దంలో నా నడుం చూసుకున్నాను.

అత్తగారు కొసరి కొసరి వడ్డించేవారు. కాదనలేక తినేసి, సన్నబడాలని పెరట్లోకెళ్ళి గొంతులో వేలు పెట్టుకుని కక్కేసేదాన్ని.

ఓ రోజు ఆ చప్పుడు ఆవిడ చెవిన పడింది. నన్నొక్క మాట అడక్కుండా వీధంతా పూర్ణాలు పంచేసి, అమలాపురం లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అసలు సంగతి చెప్పలేక దారంతా కొబ్బరిచెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి, నా వేళ్ళ మీద పళ్ళ గాట్లు చూశారు. "కడుపు కాదండీ. తిన్నది కావాలనే కక్కేస్తోంది. ఇదీ ఓ జబ్బే, ఇలాగే సాగితే గుండెకి ముప్పు. తిడితే మాత్రం తగ్గదు" అన్నారు. నేను ఏడుస్తూ బొండాం సంగతి చెప్పేశాను.

"ఆయ్, అలాగాండీ" అన్న అత్తగారు ఇంటికి రాగానే కొడుకుని పిలిచారు. "ఒరేయ్, పూర్ణాలు అందిన ప్రతి ఇంటికీ నువ్వే వెళ్ళి చెప్పు. మా ఆవిడకి కడుపు కాదండీ, నాకే నోటిదూలండీ అని!"

పాపం, మావారు ఆ ఇళ్ళన్నీ తిరిగొచ్చారు.

ఆనాటి నుంచి అత్తగారు కొసరడం మానేశారు. భోజనం కాగానే నా పక్కన చేరి ఏదో వాదన లేవదీసేవారు. వాదన మధ్యలో వదిలి పెరట్లోకెళ్ళడం నా వల్ల అయ్యే పనేనా? నా జబ్బుని బులీమియా అంటారని చాలా ఏళ్ళకి చదివాను. డాక్టరమ్మ చూస్తున్నా పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అత్తగారు నన్ను ఒక్క వాదనలోనూ గెలవనివ్వలేదు.