మౌనంగా కూర్చోవడానికి పిలుపు

బోట్స్వానాలోని ఆ ఊళ్ళో తగవులు తీర్చే ఖోట్లాలో సెతున్యా ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. ఎవరు ఎంత అబద్ధమాడినా ముఖం చిట్లించకుండా రాసుకుపోతుంది. పన్నెండు రోజుల చదువుకని ఏటా దిగే విదేశీ లా విద్యార్థులను చూస్తే మాత్రం ఆవిడకు ఒళ్ళు మంట.

కిందటేడు కెబొనాంగ్ అనే రైతు ఎద్దు పక్కవాడి జొన్నచేను మేసింది. తగవు రోజున ఇద్దరూ పొద్దున ఏడింటికే కుర్చీలు మోసుకొచ్చి కూర్చున్నారు. విద్యార్థుల బస్సు వచ్చేదాకా తగవు ఎత్తవద్దన్నాడు ఊరిపెద్ద.

"నా గొడ్లు నీళ్ళు తాగొద్దా అమ్మా?" అన్నాడు కెబొనాంగ్.

"వాళ్ళు టిఫిన్లు కానిచ్చి రావాలిగా పెద్దాయనా. మీ గొడ్లకేం తొందర?" అంది సెతున్యా.

బస్సు పదకొండింటికి వచ్చింది. కక్షిదారులు ఎప్పుడొచ్చారని విద్యార్థుల్లో ఒక పిల్ల అడిగింది. ఏడింటికని సెతున్యా చెప్పగానే కళ్ళు పెద్దవి చేసుకుని రాసుకుంది. ఎందుకని అడగలేదు. అరగంటలో విద్యార్థులంతా భోజనాలకు లేచిపోయారు, తీర్పైనా వినకుండా.

మూడు నెలలకు ఆ పిల్ల వ్యాసం వచ్చింది. తగవుకు ముందు ఇరుపక్షాలూ నాలుగు గంటలు మౌనంగా కలిసి కూర్చోవడమే ఈ జాతి న్యాయానికి ప్రాణమట. దానికో బహుమతి కూడానట.

సెతున్యా చదివి వినిపిస్తే కెబొనాంగ్, "మౌనమెక్కడిది? ఆ బస్సును తిడుతూనే కూర్చున్నాంగా" అన్నాడు.

ఆ మౌనాన్ని కళ్ళారా చూడాలని ఈ ఏడు కొత్త జట్టు ఉత్తరం రాసింది. బస్సు మళ్ళీ పదకొండింటికే. కక్షిదారులను ఆరింటికి పిలవమన్నాడు ఊరిపెద్ద. పిలుపు కాగితంలో 'కారణం' అన్నచోట సెతున్యా ముఖం చిట్లించకుండా రాసింది: విదేశీయులు చూడగా మౌనంగా కూర్చోవడానికి.