ఎలీసమ్మ వాననీళ్ల తొట్టి

మా పేటలో దేవుడికి భయపడేవాళ్లు కొందరు, పోలీసులకు భయపడేవాళ్లు కొందరు. ఎలీసమ్మకు మాత్రం అందరూ భయపడేవాళ్లు, పాస్టరు జయరావు అయ్యగారితో సహా. వినుకొండ చుట్టుపక్కల మిరప చేలల్లో కాయ కోసే మనిషి ఆమె. మిరపకాయ ఘాటంతా చేతుల్లోంచి నోట్లోకి ఎక్కిందని ఆమె మొగుడు బాలస్వామే అనేవాడు, ఆమె ఇంట్లో లేనప్పుడు.

పేటలో బోరు ఉండేది. ఆ నీళ్ల ఉప్పదనానికి కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికీ ఉడికేది కాదు. మంచినీళ్లు కావాలంటే రైతు వెంకటనారాయణ గారి దొడ్లో బావికి పోవాలి. మేం చేద ముట్టకూడదు. ఆయన భార్య సుబ్బరావమ్మ తోడి పైనుంచి పోస్తే, గట్టు కింద నిలబడి బిందె పట్టుకోవాలి. ఆవిడ తలంటూ, పూజా, పక్కింటావిడతో కబుర్లూ అయ్యాకే మా వంతు.

ఒకరోజు ఎలీసమ్మను మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, "ఇవాళ ఓపిక లేదే, రేపు రా" అంది సుబ్బరావమ్మ.

"నీ నీళ్లు నువ్వే తాగమ్మా. మళ్లీ నీ బావి నీళ్లు ముట్టుకుంటే నా పేరు ఎలీసమ్మే కాదు" అని ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేసింది.

"ఎండలు ముదరనీ, ఏ పేరు పెట్టుకునైనా వస్తావులే" అంది ఆవిడ వెనకనుంచి.

సరిగ్గా ఆ ఏడే పేటకు పక్కా ఇళ్లు మంజూరయ్యాయి. అందరం సిమెంటు శ్లాబు ఇళ్లు కట్టుకుని దొరల్లా ఫీలయ్యాం. ఎలీసమ్మ మాత్రం నాకొద్దు పొమ్మంది. ఇంటి స్థలంలోనే గొయ్యి తవ్వింది. పైన నల్లరేగడి పోగా, కింద తగిలిన ఎర్రమట్టిని తొక్కి మందపాటి గోడలు పెట్టింది. తాటి దూలాల మీద నాపరాళ్లు పరిచి సున్నంతో మిద్దె వేసింది. మట్టి తీసిన గొయ్యిని వదిలేయకుండా, దానికీ నాపరాళ్లు పేర్చి సున్నం పూసి తొట్టి చేసింది. మిద్దె మీద పడిన వాన తాటిదోనెలోంచి తొట్టిలోకి దిగుతుంది. "పందికొక్కులా కలుగు తవ్వుకుంది" అని నవ్వాం. వేసవి వచ్చేసరికి మా శ్లాబులు అట్ల పెనాలయ్యాయి. అయ్యగారు మొదలుకొని అందరం మధ్యాహ్నం నిద్రకు ఆ కలుగు మట్టితో కట్టిన ఇంట్లోకే చేరాం. సిగ్గు లేకపోతే సుఖానికేం తక్కువ!

నీళ్ల దగ్గర ఆమె పిసినారితనం చూడాలి. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగినవి బచ్చలిపాదుకు. బాలస్వామి మునగచెట్టు మొదట్లో బండమీద కూర్చుని స్నానం చేయాలి, అదీ చెంబులు లెక్కపెట్టి.

"చచ్చాక స్నానానికైనా రెండు బిందెలు ఇస్తావంటే?" అని అడిగాడొకసారి.

"అప్పటి వానల్ని బట్టి చూద్దాంలే" అంది.

ఇంకో నియమం కూడా ఉంది. మొదటి వాన తొట్టిలోకి రాకూడదు. దోనె పక్కకు తిప్పి, మిద్దె మీద మురికి కొట్టుకుపోయాకే తొట్టికి తిప్పాలి. అందులోనూ వేసవిలో మిద్దె మీద మిరపకాయలు ఆరబోసేది.

ఎనభై ఆరు ఎండాకాలం, తొట్టి అడుగంటింది. ఒక శనివారం సాయంత్రం ఎలీసమ్మ పొరుగూరు కూలికి పోయి ఉండగా కుంభవృష్టి కురిసింది. బాలస్వామి తాటితోపులో కల్లు ముందు కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చేసరికి తొట్టి నడుములోతు నిండిపోయింది, మిద్దె మీద కాయలన్నీ నానిపోయాయి.

"మొదటి నీళ్లు బయటికి వదిలావా?" అని ఎలీసమ్మ రాగానే అడిగింది.

"వదలకుండా ఉంటానా?" అన్నాడు మహానుభావుడు.

నీళ్లు తేరుకోవాలని ఆమె ఆ రాత్రి తొట్టి ముట్టుకోలేదు. తెల్లారగానే జయరావు అయ్యగారు దిగారు. సాగర్ కాలువకు నీళ్లు కట్టేశారు, బాప్తిస్మాలు ఆగిపోయి ఉన్నాయి, తొట్టి ఇమ్మన్నారు.

"నా తాగే నీళ్లలో మనుషుల్ని ముంచుతారా అయ్యగారూ?"

"ముందు నీ బాలస్వామినే ముంచుతానమ్మా."

పెళ్లయిన దగ్గర్నుంచీ మొగుడి బాప్తిస్మం కోసం మోకాళ్లరిగేలా ప్రార్థన చేసింది ఆమె. ఇంకేం అంటుంది? "కాళ్లు కడుక్కుని దిగండి" అంది.

"కాలువ వదిలాక చూద్దాం, తొందరేముంది?" అని గింజుకున్నాడు బాలస్వామి.

"ఎప్పుడూ ఇదే పాట! దిగు" అంది.

అయ్యగారు అతన్ని ముంచి లేపారు. బాలస్వామి రెండు కళ్లూ మూసుకుని "మంట! మంట!" అని ఎగిరాడు. గట్టు మీద జనం "హల్లెలూయా!" అని అందుకున్నారు. పరిశుద్ధాత్మ అగ్ని ఇంత త్వరగా దిగడం ఎవరూ చూసి ఉండలేదు. ఇంతలో నడుములోతున నిలబడిన అయ్యగారు కూడా పంచె పట్టుకుని గెంతడం మొదలుపెట్టారు. అయ్యగారి ప్రార్థన అంత పొట్టిగా ముగియడం మా పేట చరిత్రలో అదే మొదలు.

ఎలీసమ్మ దోసిలితో నీళ్లు తీసి నాలుక మీద వేసుకుంది. పచ్చి కారం. ఆకాశం వంక చూడలేదు, మిద్దె వంక చూసింది, తర్వాత మొగుణ్ని చూసింది. మేమంతా పడీపడీ నవ్వుతున్నాం. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి కారానికి వచ్చినవి కావు.

తొట్టి మొత్తం తోడి పారబోయాల్సి వచ్చింది. మళ్లీ వాన జాడ లేదు. "చేద ఖాళీగానే ఉంది, రమ్మనండి" అని సుబ్బరావమ్మ కబురు పెట్టింది.

బాలస్వామి బిందె ఎత్తాడు. "ఒట్టు నీది, నాది కాదుగా. నేను తెస్తా."

"ఆ నీళ్లు ఈ గడప దాటితే నువ్వు దాటవు."

ఉప్పునీళ్లే తాగింది. కడుపు పాడై మనిషి సగమైంది. నాకు ఒళ్లు మండింది, ఒక్క బిందె తెచ్చుకుంటే పోయేదేముంది అనుకున్నాను. ఆ గట్టు కింద బిందె పట్టుకుని నిలబడిన మా అమ్మ గుర్తొచ్చేదాకా.

ఆఖరికి వాన పడింది. చీపురుతో ఎలీసమ్మ మిద్దె ఎక్కింది. కింద బాలస్వామి దోనె పక్కకు పట్టుకున్నాడు. గొంతెండిపోయి ఉండి కూడా మొదటి నీళ్లన్నీ వీధిలోకి వదిలేసింది. కడిగిన మిద్దె మీంచి తేటనీళ్లు దిగాక, "ఇప్పుడు తిప్పు" అంది. ఆ పూట ఆమె ఇంట్లో పప్పు మెత్తగా ఉడికింది.

తర్వాత మూడేళ్లకు, మంచి ఎండల్లో వడదెబ్బ తగిలి ఎలీసమ్మ పోయింది. తొట్టి అడుగున కాసిని నీళ్లున్నాయి. సుబ్బరావమ్మ పాలేరు చేత బావినీళ్లు పంపింది, స్నానం చేయించడానికి. మంచి మనసుతోనే పంపింది, అబద్ధమెందుకు.

బాలస్వామి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"తీసుకుపో నాయనా. ఈ నీళ్లు పోస్తే ఆవిడ పేరు ఎలీసమ్మ కాకుండా పోద్ది. సమాధి మీద ఏం పేరు రాయించమంటావు?"

చెంబు పట్టుకుని తానే తొట్టిలోకి దిగాడు. అడుగంతా గీకి తోడితే రెండు బిందెలయ్యాయి. తన కోసం అడిగిపెట్టుకున్న ఆ రెండు బిందెలూ ఆమెకే పోశాడు.