నీలం నిలవని తొట్టి

టేపు మామయ్య ఒక చేప కోసం అత్తగారిని ఇంట్లోంచి గెంటేశాడని వీధి వీధంతా కోడై కూసింది. పొద్దున పాల దుకాణం దగ్గర బయల్దేరినప్పుడు అది ఒట్టి గెంటడమే. లాండ్రీ దాకా వచ్చేసరికి దానికి కత్తెర తోడైంది. సాయంత్రం మందుల షాపు చేరేసరికి ఆవిడ మెట్ల మీద పడిందనీ, ఆవిడ సామానంతా బకెట్లో కుక్కుకుని ఆయన బస్టాపు దాకా తరిమాడనీ కూడా కలిసింది. బకెట్టు మాత్రం నిజం. దాన్ని కళ్లారా చూసినవాళ్లున్నారు.

మర్నాడు జాకెట్లు చక్కగా సరిపోతున్న ఆడవాళ్లు కూడా వదులు చేయించుకోవడానికి వచ్చారు. ఒకావిడ గుమ్మంలో నిలబడి లోపలి గదిలోకి మెడ సాచింది.

"పెద్దావిడ కనపడట్లేదేం?"

"మెడ కొలత కావాలామ్మా? అలాగే సాచి ఉంచండి, తీసుకుంటాను" అన్నాడు టేపు మామయ్య.

ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లి ఫొటోలో కూడా కోటు కాలరు కిందనుంచి దాని అంచు తొంగి చూస్తుంటుందని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఇంటి ముందు గదే షాపు. దాని వెనక గది అత్తగారిది. ఆవిడకి చెవులు పూర్తిగా మొరాయించాయి. "అన్నం తిన్నారా అత్తయ్యా?" అని ఈయన అడిగితే నాలుగిళ్ల అవతలివాళ్లు "తిన్నాం" అని జవాబివ్వాల్సిందే. అందుకని ఆ ఇంట్లో మంచైనా చెడైనా నాలుగు గోడల మధ్య నిలిచేది కాదు.

ఆవిడ మంచం పక్కనే చేపల తొట్టి. అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు. వాటిలో లావుదానికి ఆవిడ బుగ్గలోడు అని పేరు పెట్టుకుంది. పొద్దున లేచింది మొదలు ఆవిడ కుర్చీ తొట్టి ముందే. అది నోరు తెరిస్తే ఈవిడ తెరిచేది, అది మూస్తే ఈవిడ మూసేది.

తొట్టి సంరక్షణ అల్లుడిది. నీళ్లు తేటగా ఉండాలంటే ఫిల్టర్లో బొగ్గు వెయ్యాలని ఎవరో చెప్పారు. బొగ్గు పొయ్యడానికి షాపులో దొరికే సంచి ఆయన కంటికి ఆనలేదు. తెల్ల పాప్లిన్ గుడ్డతో తనే ఒకటి కుట్టాడు. రెండు వరసల కుట్టు, మూలల్లో మడత, మూతికి లాగుడు తాడు. ఇంటికెవరొచ్చినా దాన్ని ఫిల్టర్లోంచి తీసి, నేలంతా నీళ్లు కారుస్తూ చూపించేవాడు. చొక్కాలకి కూడా అంత శ్రద్ధ పెట్టలేదని గిట్టనివాళ్లు అనేవారు.

జబ్బుని ముందు కనిపెట్టింది అత్తగారే.

"అల్లుడూ, బుగ్గలోడి ఒంటి మీద ఎవరో ఉప్పు చల్లినట్టుంది. తోక చివర దూదిలా ఏదో పట్టుకుంది. నా నొప్పుల మందు కాస్త రాయనా?"

"రాయొద్దు!" అని ఆయన అరిచిన అరుపుకి అవతలి వీధి కుక్క లేచి కూర్చుంది. అంత అరవడానికి కారణం ఉంది. వెనకటికోసారి చేపలకి చలేస్తుందని ఆవిడ తొట్టిలో వేణ్ణీళ్లు కలపబోతూ దొరికిపోయింది.

ఆయన చేపల షాపుకి పరుగెత్తాడు. షాపతను అంతా విని, ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"అవి ఉత్త చుక్కలు కాదు బాబాయ్, చేప ఒంట్లో దూరి బతికే పురుగులు. ఒంటి మీద ఉన్నంతసేపూ వాటిని మనమేం చెయ్యలేం. ముదిరి రాలిపోయి, పిల్లలు పెట్టి, ఆ పిల్లలు ఇంకో చేపని వెతుక్కుంటూ నీళ్లలో తిరుగుతాయి చూడు, అప్పుడు పట్టుకోవాలి మందు. తోక మీద దూదేమో బూజు. రెండిటికీ ఈ నీలం మందే. నీళ్లు రోజుల తరబడి నీలంగానే ఉండాలి. తేటబడ్డాయంటే నీళ్లలో మందు లేనట్టే. ఆలస్యమైతే చేప దక్కదు. తొట్టి ఎంతది?"

"పొడవు ముప్ఫై, వెడల్పు పన్నెండు, ఎత్తు పదిహేను. కుట్టుకి అరంగుళం వదిలాను."

"తొట్టికి కుట్టెక్కడిది బాబాయ్?"

"అలవాటు."

"సరే. ఫిల్టర్లో ఏం పెట్టావు?"

ఎవరో ఒకరు ఆ మాట అడగాలనే టేపు మామయ్య కాచుకుని ఉన్నాడు. "సంచి! నేనే కుట్టాను. అసలు పాప్లిన్. రంగు దిగదు, ముడుచుకోదు. రెండు వరసల కుట్టు. దారం చూడు, ఇదే దారం..." అంటూ జేబులోంచి దారపు ఉండ తీశాడు. తాడు సంగతి, మడత సంగతి, గుడ్డ బేరమాడిన సంగతి చెప్పాడు. లోపల ఏముందో ఒక్కటే చెప్పలేదు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉండటంతో షాపతను లోపల స్పాంజి అయ్యుంటుందనుకుని, "బాగుంది బాగుంది" అంటూ సీసా చేతిలో పెట్టి పంపేశాడు.

సాయంత్రం మందు పోశాక తొట్టి సిరాబుడ్డిలా తయారైంది. అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది.

"ఇందులో వాడికి కళ్లెలా కనపడతాయయ్యా? నాకే వాడు కనపడట్లేదు."

తెల్లారి చూస్తే తొట్టి అద్దంలా మెరుస్తోంది. చుక్క నీలం లేదు.

"నీళ్లు మార్చారా అత్తయ్యా?"

"నేనెందుకు మారుస్తాను?"

"మరెవరు మార్చారు? బుగ్గలోడే మార్చుకున్నాడా?"

మళ్లీ మందు పోశాడు. ఈసారి దర్జీ సుద్దతో గాజు మీద నీటిమట్టానికి గీత గీశాడు. పొద్దున గీత గీతలాగే ఉంది, నీలమే లేదు. గీత దాకా సరిగ్గా కొలిచి పోసిందంటే ఆవిడ మామూలు మనిషి కాదనుకున్నాడు. ఆ పూట కస్టమర్ల గుడ్డలన్నీ పక్కన పడేసి తొట్టికి ముసుగు కుట్టాడు. దానికి గుండీలు, గుండీలకి తను తప్ప ఇంకెవరూ విప్పలేని ముడి. తెల్లారి ముడి ముడిలాగే ఉంది. విప్పి చూస్తే లోపల నీళ్లు తేటగా నవ్వుతున్నాయి. బుగ్గలోడు మాత్రం ఒక మూల ఒరిగి, తొట్టి గోడకి ఒళ్లు రుద్దుకుంటున్నాడు. చుక్కలు కళ్ల దాకా పాకాయి.

టేపు మామయ్యకి ఏడుపొకవైపు, కోపమొకవైపు తన్నుకొచ్చాయి. "మీ జాలితో వాణ్ణి చంపేస్తున్నారు అత్తయ్యా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆవిడకి వినపడాలని అరిచాడు. వినపడాల్సినంతకంటే ఎక్కువమందికే వినపడింది.

ఆవిడ లేచి బట్టల సంచి సర్దుకుంది. "దొంగని చేశావుగా. నా చిన్నకూతురి ఇంటికి పోతాను. వాణ్ణి కూడా తీసుకుపోతాను. నీ దగ్గరుంచితే వాడు దక్కడు."

"మీ దగ్గరుంచితే దక్కుతాడా?"

"చూద్దాం."

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మూడో మనిషిని నన్నెవరైనా అడుగుతారా?" అంది. ఎవరూ అడగలేదు.

ఆవిడ బకెట్టెత్తితే నీళ్లు తొణుకుతాయని బస్టాపు దాకా ఆయనే మోశాడు. ముందు ఆవిడ, వెనక ఈయన. బకెట్టు మీద గుడ్డ. బస్సొచ్చాక, "రోజూ సగం నీళ్లు తీసి, ఈ మూతతో కొలిచి మందు పొయ్యండి!" అని కిటికీలోంచి అరిచి, కొత్తగా కొన్న రెండో సీసా ఆవిడ ఒళ్లో పడేశాడు.

ఇంటికొచ్చి మిగిలిన రెండు చేపల తొట్టిలో మందు పోశాడు. ఇక మార్చేవాళ్లు లేరు కదా అని నిశ్చింతగా పడుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే నీళ్లు తేట.

టేపు మామయ్య పట్టు వదలకుండా వారం రోజులు పోశాడు; రోజూ తెల్లారేసరికి అదే తేట, పైగా ఆ రెండిటి మీదా చుక్కలు మొదలయ్యాయి. ఎనిమిదో రోజు పొద్దున మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"నా వైపు చూశారంటే నేనూ బస్సెక్కుతా" అంది ఆవిడ. ఫిల్టరు మూత తీసి, సంచి పట్టుకుని పైకెత్తింది. తెల్ల పాప్లిన్ కుట్ల వెంబడి నీలం పట్టేసింది. "ఇదేంటండీ ఇలా అయింది?"

"అసలు పాప్లిన్ అది..."

"గుడ్డ సంగతి కాదు. లోపలేముంది?"

"బొగ్గు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆయనకే ఏదోలా అనిపించింది. కారుతున్న సంచి పట్టుకుని చేపల షాపు దాకా పోయాడు. షాపతను సంచి విప్పి చూసి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"బొగ్గు పనేంటి బాబాయ్? నీళ్లలో రంగూ మందూ అన్నీ లాగేసుకోవడమే కదా! నువ్వు ఇన్నాళ్లూ వైద్యం చేస్తున్నది చేపలకి కాదు, బొగ్గుకి. కుట్టు మాత్రం అద్భుతంగా ఉంది."

కుట్టు మెచ్చుకున్నా ఆయనకి సంతోషం కలగకపోవడం అదే మొదటిసారి.

ఫోన్లో చెప్పేద్దామంటే ఆవిడకి వినపడదు. బస్సెక్కాడు. చిన్నమ్మాయి ఇంటి అరుగు మీద ఆవిడ కూర్చుని ఉంది, పక్కన బకెట్టు. టేపు మామయ్య ముందు బకెట్లోకి తొంగిచూశాడు. బుగ్గలోడు నీలం నీళ్లలో గుండ్రంగా తిరుగుతున్నాడు. ఒంటి మీద ఒక్క చుక్క లేదు. తోక శుభ్రంగా ఉంది. బకెట్టుకి ఫిల్టరు లేదు, ఫిల్టర్లో పెట్టడానికి ఆయన కుట్టిన సంచీ లేదు.

"అత్తయ్యా, తప్పు నాదే" అన్నాడు.

"ఏంటీ?"

"తప్పు నాదే అత్తయ్యా!"

"గట్టిగా చెప్పవయ్యా, వినపడి చావదు."

"నీళ్లు మీరు మార్చలేదు! నా సంచే మందు తాగేసింది! మిమ్మల్ని అనరాని మాటలన్నాను!"

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. సైకిలు మీద పోతున్నతను కాలు కింద పెట్టి ఆగాడు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరి సంచి?" అంది.

"నా సంచి! నేను కుట్టిన సంచి!"

అప్పటికి ఆవిడ మొహం విచ్చుకుంది. అల్లుడి పెదాలు చూసి మొదటి మాటే ఆవిడ పట్టేసిందని చిన్నమ్మాయి ఆ తర్వాత అక్కకి చెప్పింది.

"అంతలా అరుస్తావేం, నలుగురూ వింటారు" అంటూ ఆవిడ లేచి బట్టల సంచి భుజాన వేసుకుంది. "బకెట్టు నువ్వే మొయ్యి."

తిరిగొచ్చాక బొగ్గు తీసేసిన తొట్టిలో మిగతా రెండు చేపలూ తేరుకున్నాయి. ఆ పాప్లిన్ సంచిలో ఇప్పుడు గుండీలున్నాయి.

క్షమాపణ విన్నది ఆ వీధి. ఈ వీధి విన్నది అరుపులే. అందుకని ఇక్కడ కథ గెంటేసిన దగ్గరే ఆగిపోయింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని కనపడుతున్నా, "పాపం, గతిలేక వచ్చింది" అంటారు. చేప మీదున్న ప్రేమ అత్తగారి మీద లేదని కూడా అంటారు.

అసలు ఆ ఇంట్లోకి ఈ తొట్టి రాకముందు, ఆవిడ చెవులు ఇక బాగుపడవని డాక్టరు తేల్చేసిన రోజుల్లో, ఆవిడ టీవీ ముందు కూర్చోవడం మానేసింది. నలుగురూ మాట్లాడుకుంటుంటే లేచి వెనక గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకునేది. అప్పుడు టేపు మామయ్య ఆవిడ మంచానికీ కిటికీకీ మధ్య ఉన్న చోటు టేపుతో కొలుచుకుని పోయి, ఆ చోటుకి పట్టే తొట్టి, మూడు చేపలు కొనుక్కొచ్చాడు. చేపలు మాట్లాడుకున్నా ఎవరికీ వినపడదు కదా అని.